బోర్లా పడుకుని విన్న ఆట

మా ఆయన ఎడమ కంట్లో పొర ఊడిపోతున్న సంగతి మాకు మొదట టీవీ ముందు తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నం, జుమ్మా నమాజు అయి వీధిలో కార్లు ఒక్కటొక్కటే కదులుతున్నాయి. సౌదీలోని అల్ ఖోబర్‌లో మాది రెండు గదుల ఫ్లాట్. నేను వంటింట్లో పప్పుకి పోపు పెడుతున్నాను. ఆయన హాల్లో కర్టెన్లు వేసుకుని, సోఫాలో కుడి చెంప దిండులో కూరుకుని పడుకుని, ఎప్పటిలాగే, ఆ దొంగచాటు వీడియో ఆట ఆడుకుంటున్నారు.

"ఈ మూల మరీ ఇంత చీకటి ఎందుకు పెట్టిన్రు? ఏం కనవడ్తలేదు," అని విసుక్కున్నారు. టీవీ వెలుగు పెంచారు. మళ్ళీ పెంచారు. నేను గరిటె పట్టుకునే వెళ్ళి చూశాను. తెర నాలుగు మూలలూ ఒకేలా ఉన్నాయి. ఒక ఇనుప మెట్లదారి, దాని కింద నిలబడ్డ కాపలావాడు, వాడి చేతిలో టార్చి. అన్నీ నాకు శుభ్రంగా కనిపిస్తున్నాయి.

"ఏ మూల?" అన్నాను.

ఆయన వేలు పెట్టి చూపించారు. సరిగ్గా ఆ కాపలావాడి మీదే పెట్టారు. ఆయనకి ఆ మనిషి లేడు.

లేచి కూర్చుని, కుడి కన్ను మూసుకుని చూడమన్నాను. మూసుకున్నారు. చేతిలోది కింద పెట్టేశారు. "కిందికెంచి నల్లటి తెర లేస్తున్నట్టుంది," అన్నారు.

మా కింది ఫ్లాట్‌లో ఒక అక్క ఉండేది. గుంటూరు వైపు మనిషి, పెద్ద ఆసుపత్రిలో నర్సు, పదిహేనేళ్ళుగా ఖోబర్‌లోనే ఉంది. ఇక్కడ చర్చిలు లేవు కాబట్టి ఎవరింట్లోనో జరిగే ప్రార్థన ఆ రోజు ముగించుకుని అప్పుడే వచ్చినట్టుంది, మెట్ల మీదే దొరికింది. నేను చెప్పింది సగం విని, "ఆగమాకండి. ఇప్పుడే బయల్దేరండి. అన్నం తర్వాత తినొచ్చు," అంది. వాళ్ళాయనే కారు తీశాడు. అప్పట్లో ఆడదాన్నయిన నాకు ఆ దేశంలో కారు నడిపే వీలు లేదు, మా ఆయనకి ఆ రోజు నడిపే కన్ను లేదు.

మర్నాడే ఆపరేషన్ చేశారు. ఈజిప్టు డాక్టరు ఓపిగ్గా కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. కంటి వెనకాల గోడకి అతుక్కుని ఉండాల్సిన పొర ఊడింది. దాన్ని మళ్ళీ అతికించి, ఊడకుండా నొక్కి పట్టడానికి కంట్లో ఒక వాయువు బుడగ నింపాం. బుడగ పైకి తేలుతుంది కాబట్టి ముఖం నేలకేసి ఉండాలి. గంటలో యాభై నిమిషాలు బోర్లా, పది నిమిషాలు మాత్రం లేవడం. పన్నెండు రోజులు అలా. బుడగ కరిగేదాకా విమానం ఎక్కకూడదు.

ఆ నెల్లోనే మేము సెలవుకి వరంగల్ వెళ్ళాల్సింది. పాస్‌పోర్టుల్లో వెళ్ళి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ ముద్ర కూడా పడింది. దాన్ని రద్దు చేయించమని ఆయన ఆసుపత్రి మంచం మీంచే, ముఖం దిండుకేసి, ఆఫీసుకి ఫోన్లో చెప్పారు. ఆయన దహ్రాన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో మెకానికల్ ఇంజినీరు. కన్ను పోతే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాదు. అది రాకపోతే ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా ఉండదు. ఆ ఇఖామా మీదే నాదీ ఉంది. మేమిద్దరం ఈ మాట పైకి అనుకోలేదు.

ఇంటికి తెచ్చాక అక్క వచ్చి పడక ఏర్పాటు చేసింది. సోఫా దిండ్లు రెండు నేల మీద పేర్చి, మధ్యలో ముఖం పట్టేంత సందు వదిలింది. "ఊపిరాడుతుందా తమ్ముడూ? ముక్కు నొక్కుకుపోతే చెప్పు, ఓర్చుకుని పడుకోబాక," అంది. కంట్లో చుక్కలు ఎలా వేయాలో నాకు చూపించింది.

మొదటి రెండు రోజులూ నిద్రతో, నొప్పి మాత్రలతో గడిచాయి. మూడో రోజుకి ఆయనకి పిచ్చెక్కింది. చదవలేరు, చూడలేరు, కూర్చోలేరు. వార్తలు పెడితే వద్దన్నారు. పాత పాటలు పెడితే అవీ వద్దన్నారు.

"ఆ ఆట పెట్టు," అన్నారు.

"ఎట్ల ఆడ్తరు? ముఖం నేలకుంది."

"ఆడను. ఊకె ఇంట."

ఆ ఆటలు అప్పటికి మూడు వచ్చాయి. మూడూ ఆయన దగ్గర ఉండేవి. కొత్తది ఎప్పుడొచ్చినా ఖోబర్ దుకాణాల్లోకి రాగానే కొనుక్కొచ్చేవారు. నాకు వాటి మీద కొంచెం కోపమే ఉండేది. పెళ్ళయి మూడేళ్ళు, సెలవు రోజుల్లో సగం ఆ చీకటి మనిషికే పోయేవి. వాటిలో కథానాయకుడు ఒక్కడే ఉంటాడు. ఏదో భవనంలోకి దూరి, ఒక కాగితమో ఒక రహస్యమో పట్టుకుని బయటపడాలి. ఎవరి కంటా పడకూడదు. తెర మూలన చిన్న పట్టీ ఉంటుంది. నువ్వెంత వెలుగులో ఉన్నావో అది చెబుతుంది. అంతకుమించి నాకేమీ తెలియదు.

మొదటి ఆట పెట్టాను. ఆట మొదలై మనిషి ఒక గోడ పక్కన నిలబడ్డాడు. ఎవరూ నడిపించకపోతే నిలబడే ఉంటాడు. గాలి శబ్దం ఒకటే వస్తోంది. ఆయన అయిదు నిమిషాలు విన్నారు.

"జర నడిపియ్యరాదూ," అన్నారు.

"నాకు ఆ రిమోట్ పట్టుకోవడం కూడా రాదు."

"అది రిమోట్ కాదు, కంట్రోలర్. ఎడమ బొటనవేలుతోని నడువు, కుడి బొటనవేలుతోని చూడు. అంతే."

అంతే కాదని మరో నిమిషంలో తెలిసింది. నా మనిషి గోడకి ముఖం పెట్టి నడుస్తున్నాడు. వాణ్ణి తిప్పబోయి ఆకాశం చూపించాను. వంగమంటే గెంతాడు. ఎక్కణ్ణించో ఒక కేక, రెండు తుపాకీ దెబ్బలు, అయిపోయింది. నేల మీంచి ఆయన నవ్వు వినిపించింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. వీపు కదిలేంతగా నవ్వుతున్నారు. "నవ్వకండి, కన్ను కదుల్తది," అని కసిరాను గానీ, ఆ నవ్వు కోసమే మళ్ళీ మొదలుపెట్టాను.

ఆ సాయంత్రానికి నాకు వంగి నడవడం వచ్చింది. మర్నాటికి, వేలిని ఎంత మెల్లగా తోస్తే మనిషి అంత మెల్లగా అడుగేస్తాడని అర్థమైంది. ఇక్కడే నాకొక వింత కనిపించడం మొదలైంది. నేను ఎక్కడున్నానో ఆయనకి నేను చెప్పక్కర్లేకపోయింది.

"తివాచీ దిగినవు. ఇప్పుడు పలకల మీదున్నవు. ఇంకా మెల్లగ."

"ఎట్ల తెలిసింది?"

"అడుగు మారింది గదా."

నేను ఆగి విన్నాను. నిజమే. తివాచీ మీద అడుగు దూదిలా ఉంది. పలకల మీద టక్కుమంటోంది. ఇనుప జాలీ మీదికి వెళ్తే ఖంగుమంటోంది. మూడేళ్ళు ఆ చప్పుళ్ళన్నీ మా ఇంట్లోనే మోగాయి. నేను వంటింట్లోంచి విన్నదంతా నాకు ఒకటే గోలలా ఉండేది. ఎవరో ఎక్కడో కూర్చుని, ఒక్కో నేలకి ఒక్కో అడుగు చప్పుడు పట్టుకొచ్చి, ఎవరూ పట్టించుకోకపోయినా సరే అని పెట్టారు.

టీవీ పక్కనుండే స్పీకర్లు రెండూ తెచ్చి, ఆయన తలకి అటొకటి ఇటొకటి నేల మీద పెట్టాను. దానితో అసలు ఆట మొదలైంది. రోజూ వంట ముగించి, వీధి చివరి బకాలా దుకాణం వాడికి ఫోన్ చేసి పాలూ కూరలూ తెప్పించుకుని, పదకొండింటికల్లా కూర్చునేదాన్ని. గోడ మీది గడియారం యాభై నిమిషాలు చూపిస్తే ఆపి ఆయన్ని లేపేదాన్ని. పది నిమిషాల్లో టీ, చుక్కల మందు, నాలుగడుగుల నడక. మళ్ళీ బోర్లా.

అక్క డ్యూటీ ముగించుకుని నాలుగింటికి వచ్చేది. మొదటిసారి ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. నేల మీద ఒకాయన శవాసనం తిరగేసినట్టు పడుకుని "కుడికి, కుడికి" అంటున్నారు. ఒకావిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని, నాలుక బయటపెట్టి, టీవీ ముందు కూర్చుంది.

"ఏంటమ్మాయ్ ఇది?" అంది.

"అక్కా, మాట్లాడకు. కాపలావాడు వస్తున్నడు," అన్నాను.

ఆమె నిజంగానే నోరు మూసుకుని, చెప్పులు విప్పి, చప్పుడు చేయకుండా వచ్చి నా పక్కన కూర్చుంది. కాపలావాడు మా ముందు నుంచి నడిచి వెళ్ళిపోయాక, "పక్కనుంచే పోయాడుగా! ఒక్కటిచ్చుకుంటే పోయేదిగా!" అంది.

"కొట్టొద్దక్కా," అన్నారు ఈయన నేలకేసి. "ఎవ్వర్నీ ముట్టకుంట పోవుడే అసలు ఆట. మనోడు వచ్చిండని కూడా వాళ్ళకు తెల్వద్దు."

అక్కకి ఆ మాట నచ్చింది. మొదటి ఆటలో మూడుసార్లు అలారం మోగితే అంతా మొదటికొస్తుందని తెలిశాక, అది ఇంకా నచ్చింది. "మా వార్డు కూడా అంతేనమ్మా. పొరపాటుకి చోటుండదు," అంది. ఆమె మనసులో మొదటిదాన్ని మించింది లేదని అప్పుడే ఖాయమైపోయింది.

అయిదు రోజుల్లో మొదటిది సగం దాటి, నా చేతకానితనంతో ఒకచోట ఇరుక్కుని, రెండోది పెట్టాం. మా ఆయన అన్నాళ్ళూ రెండోదే గొప్పదని వాదించేవారు. స్నేహితులతో ఫోన్లో గంటలు గంటలు వాదించడం నాకు గుర్తే. అడవి, వాన, కదిలే రైలు, ఆకుల మధ్య నుంచి పడే ఎండ. చూడ్డానికి అంత అందంగా ఆ రోజుల్లో ఇంకేదీ లేదనేవారు.

విన్న రెండో గంటకి ఆయన గొంతు మారింది. "ఇదేంది, ఈ సంగీతం అన్నీ ముందే చెప్పేస్తున్నది. కాపలావాడికి అనుమానం రాకముందే ఫిడేళ్ళు మొదలుపెడ్తున్నది. అడుగులు ఇననియ్యది." ఇంకాసేపయ్యాక, "మొదటిదాంట్ల కాపలావాళ్ళందరికీ ఒకటే దగ్గు, ఒకటే గొంతు. కానీ నిశ్శబ్దం ఉంది. ఆ నిశ్శబ్దంల చీమ నడిచినా తెలుస్తది. ఇన్నేండ్లు దాన్ని మూడో నంబర్ల పెట్టిన," అన్నారు. సొంత తీర్పు తిరగబడటం ఆయనకి బాధగా కాక, సంతోషంగా ఉన్నట్టుంది.

నాకు మాత్రం రెండోదాంట్లో వాన దొరికింది. ఖోబర్‌లో వాన అంటే ఏడాదికి నాలుగైదు రోజులు, అదీ వీధుల్ని ముంచిపోవడానికే. ఈ ఆటలో అడవిలో చినుకు ఆకు మీద పడితే ఒక చప్పుడు, రేకు మీద పడితే ఇంకో చప్పుడు. నేను నడవడం మానేసి రేకు కింద నిలబెట్టాను మనిషిని.

"ఏమైంది? ఎందుకు ఆగినవు?" అన్నారు.

"వాన ఇంటున్న."

చాలాసేపు ఇద్దరం విన్నాం. ఆ సంవత్సరం మాకు మా ఊరి వాన తప్పిపోయింది.

మూడోది తొమ్మిదో రోజు పెట్టాం. కన్ను చెడినరోజు ఆయన ఆడుతున్నది ఇదే. పెట్టాలా వద్దా అని నేను కాసేపు తటపటాయించాను. "పెట్టు, దాని తప్పేమున్నది," అన్నారు. ఇందులో వెలుగు పట్టీ కింద రెండో పట్టీ ఉంటుంది. నువ్వెంత చప్పుడు చేస్తున్నావు, నీ చుట్టూ ఎంత చప్పుడుంది, రెండూ అది చూపిస్తుంది. ఆయనకి ఆ పట్టీ కనిపించదు కదా. ఆయనకది అక్కర్లేకపోయింది.

ఒక భవనం కింద జనరేటర్ల గది ఉంది. నేను తప్పు మీట నొక్కితే దీపాలన్నీ ఆరిపోయాయి. తెర మొత్తం నల్లగా అయిపోయింది. చీకట్లో చూసే అద్దాలు ఏ మీటతో వస్తాయో కంగారులో మర్చిపోయాను. "నాకేం కనిపిస్తలేదు," అన్నాను.

"కదలకు," అన్నారు. "ఇద్దరున్నరు. ఒకడు దూరం, మెట్ల మీద. ఇంకోడు దగ్గర, వాడు బరువైనోడు, ఒక కాలు ఈడుస్తున్నడు. జర కుడికి తిరుగు. ఊఁ... చప్పుడు ఎడమ చెవికి వచ్చింది. అంటే నీ ముందరున్నడు. వెనక ఉంటే కుడికి వచ్చేది. ఇప్పుడు వెనక్కి మూడడుగులు."

వేశాను.

"జనరేటర్ ఎడమకున్నది. దానికి ఆనుకుని నడువు. అది గుర్రుమన్నప్పుడే అడుగెయ్యి, అది తగ్గితే ఆగు. చప్పుట్ల దాక్కోవచ్చు. చీకట్ల దాక్కున్నట్టే."

నేను చూడ్డం మానేశాను. కళ్ళు నిజంగానే మూసుకున్నాను. తెరిచి చేసేదేమీ లేదు ఎలాగూ. జనరేటర్ ఊపిరి పీల్చినట్టు పెరుగుతోంది, వదిలినట్టు తగ్గుతోంది. పెరిగినప్పుడు అడుగు, తగ్గినప్పుడు ఆగడం. కాలు ఈడ్చేవాడు మా పక్కగా వచ్చాడు. వాడి బట్టల చప్పుడు కూడా వినిపించింది. వాడు ఏదో గొణుక్కున్నాడు, ముక్కు ఎగబీల్చాడు, దాటిపోయాడు.

"తలుపు," అన్నారు ఆయన. "గాలి మారింది. బయటి గాలి."

కళ్ళు తెరిస్తే సన్నటి వెలుగు గీత, తలుపు కింద.

కంట్రోలర్ పక్కన పెట్టి, నేల మీద ఆయన పక్కనే కూర్చున్నాను. "ఇదంతా మీకెట్ల తెలుసు? ఆట ఆడీ ఆడీ వచ్చిందా?" అని అడిగాను.

"ఆటల ఎప్పుడిట్ల ఇన్న? కన్నుంటే కన్నే చూస్తది," అన్నారు. తరువాత ప్లాంటు సంగతి చెప్పారు. అక్కడ పెద్ద పెద్ద పంపులు వరసగా తిరుగుతుంటాయట. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటారట. కొలిచే మీటర్లున్నా ఆయన ముందు చెవి పెట్టి విన్నాకే మీటరు పెడతారట. "మంచిగున్న బేరింగ్ నూనె మీద నడిచినట్టుంటది. పాడయ్యేటిది ఇసుక నమిలినట్టుంటది. పక్క పంపు చప్పుడు దీంట్ల కలుస్తది, దాన్ని తీసేసి ఇనాలె."

మూడేళ్ళు ఆయన పొద్దున్నే వెళ్ళి, నూనె మరకల చొక్కాతో తిరిగొచ్చారు. "ఆఫీసెట్లుంది" అని అడిగేదాన్ని. "బానే ఉంది" అనేవారు. ఆ "బానే ఉంది" వెనకాల పదుల యంత్రాల గొంతులు విడివిడిగా గుర్తుపట్టే మనిషి ఉన్నాడని నాకెవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు. ఆయన మెడ వెనకాల దిండు ఒత్తిడికి ఎర్రబడిన చారల మీద చేయి వేసి, అలాగే కూర్చున్నాను.

పన్నెండో రోజు లేవనిచ్చారు. బుడగ ఇంకా కంట్లోనే ఉంది. తలెత్తితే చూపు కింది భాగంలో ఒక గీత, నీటిమట్టంలా అటూ ఇటూ ఊగుతోందట. "లెవెల్ గేజ్ లెక్కనే ఉన్నది," అని రోజూ ఎంత దిగిందో చెప్పేవారు. ఒకరోజు గీత గుండ్రంగా చిన్న పూసలా అయింది. మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ ఉన్నట్టుండి, "పోయింది," అన్నారు. కంచంలోని మెతుకులు వేలితో కదిపి చూసుకున్నారు.

పొర అతుక్కుంది. పూర్తిగా మునుపటిలా మాత్రం కాలేదు. ఆ కంటితో చూస్తే తలుపు అంచు అల లాగా వంగుతుందనేవారు. కుడి కన్ను బాగుంది కాబట్టి ఫిట్‌నెస్ కాగితం వచ్చింది, ఉద్యోగం నిలిచింది. మేము ఊరికి మూడు నెలలు ఆలస్యంగా వెళ్ళాం, వానలు అయిపోయాక.

తిరిగొచ్చాక కొన్నాళ్ళకి నాలుగోది వచ్చింది. ఈసారి దుకాణానికి నేను కూడా వెళ్ళాను. అమ్మేవాడు కేరళ మనిషి. డిస్కు ఆయనకి ఇవ్వబోతే, "ఆమెకి ఇవ్వు. ఆడేది ఆమె," అని హిందీలో చెప్పారు మా ఆయన. వాడు నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు.

ఇంటికొచ్చి పెట్టాం. అక్కని కూడా పిలిచాం. మూడు ఆటలు చీకట్లో పెంచిన మనిషిని ఇందులో పట్టపగలు మంచు మైదానంలోకి వదిలారు. నీడ లేదు. ఆర్పేందుకు దీపం లేదు. ఎటు చూసినా తెలుపు. "ఇదేం అన్యాయం! ఎక్కడ దాక్కుంటాడు పాపం?" అంది అక్క. నేను నాలుగడుగులు వేశాను. కాలి కింద మంచు గడ్డ సన్నగా పగిలింది. పగులు దూరం దాకా పరిగెత్తి ఎక్కడో ఆగిన చప్పుడు. ఆ మంచు కింద నీళ్ళు కదులుతున్నాయి, అదీ వినిపించింది.

మొదటిదే గొప్పదని అక్క వాదన. మూడోదని ఆయన. వాన కోసమైనా రెండోదని నేను. ఆ తగువు ఇప్పటికీ అక్కతో ఫోన్లలో నడుస్తూనే ఉంది. ఆ మధ్యాహ్నం మాత్రం ముగ్గురిలో ఎవరికీ పోల్చాలనిపించలేదు. ఈ నాలుగోది తక్కువా ఎక్కువా అని ఎవరూ అడగలేదు. ఆయన సోఫాలో ముందుకి వంగి, రెండు కళ్ళతోనూ చూస్తున్నారు.

"ఇంకో అడుగెయ్యి," అన్నారు.

వేశాను. మంచు మళ్ళీ పగిలింది. ముగ్గురం ఊపిరి బిగబట్టి, అది ఎంత దూరం వెళ్తుందో విన్నాం.